అబ్బాయి గదికి కాపలా

పెళ్ళిళ్ళయి, ఉద్యోగాలు చేసుకుంటూ, తమ పిల్లలను తాము పెంచుకుంటున్న కొడుకులకూ కూతుళ్ళకూ కన్నవారి ఇంట్లో ఇంకా ఒక గది వారి పేరు మీదే ఉండిపోతుంది. గోడకు అతికించిన బొమ్మలు, అరలో చదువుకున్న పుస్తకాలు, బల్ల సొరుగులో ఎండిపోయిన పెన్నులు, బీరువాలో ఇక ఎన్నటికీ ఒంటికి పట్టని బట్టలు, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ గదిని అలాగే ఉంచాలా, ఖాళీ చేసి మరో పనికి వాడుకోవాలా అని తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడుతుంటారు, చుట్టాలు తలో సలహా చెబుతుంటారు. ఆ భారం అసలు తల్లిదండ్రుల మీద ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ గదిని ఖాళీ చేయవలసిన బాధ్యత దాన్ని వదిలి వెళ్ళిన పిల్లలదే. అది కూడా తల్లిదండ్రులు పక్కన కూర్చుని ఏది ఏమిటో చెప్పగలిగే ఓపికతో ఉన్న రోజుల్లోనే, పిల్లలు తమ చేతులతో తాము చేయవలసిన పని.

ఈ మాట నేను కోడలిగా చెబుతున్నాను. అత్తవారింటికి వెళ్ళినప్పుడల్లా మా వారి చిన్ననాటి గదిలోనే మాకు పడక. పుట్టి పెరిగిన గది కనుక మా వారికి అందులో ఏదీ కొత్తగా కనిపించదు. అత్తయ్యకూ మామయ్యకూ ఆ గది గుమ్మంలో నిలబడితే కనిపించేది కొడుకు. గదిని గదిగా, అంటే నాలుగు గోడలూ ఒక కిటికీ ఉన్న చోటుగా చూడగలిగేది పెళ్ళితో ఆ ఇంట్లోకి వచ్చిన మనిషి ఒక్కరే. అయితే ఆ మనిషికే అందులోని వస్తువుల గురించి నోరు తెరిచే చనువు అందరికంటే తక్కువ. కోడలు గాని అల్లుడు గాని ఒక పాత డబ్బాను పక్కకు జరిపినా, అది ఆ ఇంటి గతాన్ని కదిలించినట్టే అనిపిస్తుంది. అందువల్ల చూడగలిగినవాళ్ళు మాట్లాడరు, మాట్లాడగలిగినవాళ్ళకు కనిపించదు, ఆ గది అలాగే ఉండిపోతుంది.

ఉన్నది ఉన్నట్టు ఉంచామని మనం అనుకుంటాం గాని, ఏ గదీ ఉన్నది ఉన్నట్టు ఉండదు. మా వారి బల్ల పై సొరుగులో ఒక జామెట్రీ బాక్సు ఉంది. అందులో తెల్ల రబ్బరు ఒకటి ప్లాస్టిక్ స్కేలును కరిచి పట్టుకుని, ఎంత లాగినా ఊడి రాకుండా ఉండిపోయింది. రబ్బరు ఆనిన మేర స్కేలు మెత్తబడి గుంట పడింది, అక్కడి గీతలూ అంకెలూ చెరిగిపోయాయి. ఆ తెల్ల రబ్బర్లలో చాలావాటిని పీవీసీతో తయారు చేస్తారు. అవి మెత్తగా ఉండడం కోసం కలిపే థాలేట్ల వంటి రసాయనాలు ఏళ్ళు గడిచే కొద్దీ మెల్లగా పైకి ఊరి, తగిలి ఉన్న ప్లాస్టిక్‌లోకి ఇంకి దాన్ని కరిగిస్తాయి. ఎవరైనా ఆ డబ్బా తెరిచి రబ్బరును స్కేలుకు తగలకుండా విడిగా పెట్టి ఉంటే ఇలా జరిగేది కాదు. ఎవరూ చేయి వేయకపోవడమే దాన్ని పాడు చేసింది. దాని కింద దాచిన వార్తాపత్రికల కత్తిరింపులదీ ఇదే కథ. చవక కాగితంలో మిగిలిపోయే లిగ్నిన్ అనే కలప పదార్థం గాలీ వెలుతురూ తగిలి పసుపు పచ్చగా, ఆ తరువాత గోధుమ రంగుగా మారుతుంది, కాగితంలోని ఆమ్లం దాన్ని పెళుసుబార్చుతుంది. మడత విప్పితే మడత దగ్గరే విరుగుతుంది. బొమ్మ కారులో మరిచిపోయిన ఆల్కలైన్ బ్యాటరీ నుంచి పొటాషియం హైడ్రాక్సైడ్ కారి, తెల్లటి పొక్కులు కట్టి, లోపలి రాగి రేకులను తినేసింది. కొడుకు బాల్యాన్ని కాపాడుతున్నామని అత్తయ్య, మామయ్య అనుకుంటున్న ఆ సొరుగులో నిజానికి కాపాడబడుతున్నది చాలా తక్కువ.

రాత్రి పూట సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అత్తవారింట్లో బస చేయడంలోని ఇబ్బంది గురించి మాట్లాడితే అది మనుషుల మధ్య పొరపొచ్చాలుగానే అందరికీ వినిపిస్తుంది. మా అత్తయ్య నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆ గదిలో మొదటి రాత్రి నాకు సరిగా నిద్ర పట్టదు. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర చెదరడాన్ని నిద్ర మీద పరిశోధించేవారు 1966 నుంచే నమోదు చేస్తూ వచ్చారు. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ మొదటి రాత్రి మెదడులోని రెండు సగాలూ సమానంగా నిద్రపోవడం లేదని, ఎడమ సగంలోని ఒక భాగం తేలిక నిద్రలోనే ఉండి చప్పుళ్ళకు ఎక్కువగా స్పందిస్తోందని చూపించారు. అంటే తెలియని చోట శరీరం తనకు తానే కాపలా కాస్తుందన్నమాట. అలాంటి రాత్రి చుట్టూ ఇంకొకరి పదిహేనేళ్ళ ప్రాయం గోడల నిండా ఉంటే, బీరువాలో ఒక్క అర కూడా ఖాళీ లేక మన బట్టలు పెట్టెలోనే ఉండిపోతే, కళ్ళజోడు పెట్టుకోవడానికి మంచం పక్కన జానెడు జాగా దొరకకపోతే, ఎంత ఆప్యాయంగా పిలిచిన ఇంట్లోనైనా మనిషి అతిథిగానే మిగిలిపోతుంది. ఒక అర ఖాళీ చేసి ఇవ్వడం చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, ఆ ఇంట్లో మనకూ ఒక చోటు ఉందని నోటితో చెప్పడం కన్నా బలంగా చెప్పేది అదే.

అయినా నా అసౌకర్యం ఏడాదిలో కొద్ది రోజుల ముచ్చట. ఆ గది వల్ల మిగతా రోజులంతా ఇబ్బంది పడేది ఆ ఇంట్లో ఉండేవాళ్ళు. మా అత్తవారింట్లో కింది అంతస్తులో స్నానాల గదికి ఆనుకుని ఉన్నది, పొద్దుటి ఎండ పడేది ఆ ఒక్క గదే. అది అబ్బాయి గది కనుక, మోకాళ్ళ నొప్పులున్న మామయ్య రాత్రి పూట మెట్లెక్కి పైన పడుకుంటారు, అర్ధరాత్రి లేవవలసి వస్తే చీకట్లో గోడ పట్టుకుని నడుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం జారి పడడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది ప్రాణాలు పోతున్నాయి, ఆ మరణాలు 60 ఏళ్ళు దాటినవారిలోనే ఎక్కువ. ఈ సంఖ్య చదివిన తరువాత నాకు ఆ గదిలోని వస్తువులు తీపి గుర్తులుగా కనిపించడం మానేశాయి. ఒక పెద్దాయనకూ ఆయన పడుకోవలసిన మంచానికీ మధ్య ఎవరూ చదవని పాఠ్యపుస్తకాలు అడ్డంగా పేర్చి ఉన్నాయి.

“ఆ గది మీరు వాడుకోవచ్చు కదా అత్తయ్యా” అని ఒకసారి అడిగాను. “వాడొచ్చి చూసుకుంటాడులే అమ్మాయ్, వాడికేం కావాలో నాకేం తెలుసు, నేను తీసేస్తే మళ్ళీ అదేదీ అంటాడు” అన్నారు. ఆ జవాబు నేను ఊహించినది కాదు. కడుపు తీపి వల్లనే ఆ గదిని అలా ఉంచుకున్నారని, కొడుకు దూరమైన లోటును ఆ వస్తువులతో పూడ్చుకుంటున్నారని అంతవరకూ అనుకునేదాన్ని. కడుపు తీపి ఉంది, కాదనను. అయితే దాని వెనుక ఇంకొకటి ఉంది: ఆవిడ అనుమతి కోసం ఎదురు చూస్తున్నారు. కొడుకు వస్తువులు కనుక కొడుకే చెప్పాలి. కొడుకేమో ఇల్లు అమ్మానాన్నలది కనుక వారే చూసుకుంటారని అనుకున్నాడు. అలా ఏళ్ళు గడిచాయి. పిల్లలు ఎదిగి వెళ్ళిన ఎన్నో ఇళ్ళలో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. తల్లిదండ్రులు గదిని అంటిపెట్టుకుని ఉన్నారని పిల్లలు జాలిపడుతుంటారు, పిల్లలు బాధపడతారని తల్లిదండ్రులు దుమ్ము దులుపుతూ ఉంటారు. ఎవరికీ అక్కరలేని కాపలా ఒకటి ఇద్దరి మొహమాటం మీద నడుస్తూ ఉంటుంది.

చనిపోయినవారి గదిని కదల్చకుండా ఉంచడం వేరే సంగతి. ఫ్రాన్స్‌లో బెలాబ్ర్ అనే చిన్న ఊరిలో ఉబేర్ రొషెరో అనే యువ సైనికాధికారి గది ఉంది. అతను మొదటి ప్రపంచ యుద్ధంలో 1918 ఏప్రిల్‌లో చనిపోయాడు. తల్లిదండ్రులు అతని యూనిఫాం, మంచం, పుస్తకాలు, పైపులు ఎలా ఉన్నవి అలా ఉంచారు, 1935లో ఇంటిని ఇతరులకు అప్పగించినప్పుడు ఆ గదిని 500 ఏళ్ళ పాటు మార్చకూడదని షరతు రాయించారు. చట్టం దృష్టిలో ఆ షరతుకు విలువ లేకపోయినా తరువాత వచ్చిన యజమానులు ఆ గదిని అలాగే ఉంచారు. ఈ సంగతి తెలిసినప్పుడు కళ్ళు చెమర్చాయి. తిరిగి రాని కొడుకు కోసం తల్లిదండ్రులు చేయగలిగింది అంతే. బతికి, బాగుండి, ఫోను చేస్తే పలికే కొడుకు గదికి మాత్రం అదే విధి పట్టకూడదు. అతనికి ఇవాళ్టి ఇష్టాలు వేరు, ఇవాళ్టి కష్టాలు వేరు. పదిహేనేళ్ళ అబ్బాయి గదిని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్న ఇంట్లో నలభై ఏళ్ళ కొడుకు గురించి అడిగే ప్రశ్నలు తగ్గిపోవడం నేను గమనించాను. ఇంట్లో కబుర్లన్నీ ఆ వస్తువుల చుట్టూ, ఆ వయసు చుట్టూనే తిరుగుతాయి.

నా వాదనకు ఎదురు చెప్పేవారి మాటల్లో నేను తేలికగా కొట్టిపారేయలేనివి రెండున్నాయి. మొదటిది, తిరిగి రావలసి వస్తే ఎలా అన్నది. ఉద్యోగం పోవచ్చు, కాపురం చెడిపోవచ్చు, జబ్బు చేయవచ్చు. 2020లో కోవిడ్ కమ్ముకున్నప్పుడు అమెరికాలో 18 నుంచి 29 ఏళ్ళ వారిలో 52 శాతం మంది తల్లిదండ్రుల దగ్గరే ఉన్నారని ప్యూ పరిశోధనా సంస్థ ఆ ఏడాది జూలై లెక్కలను బట్టి తేల్చింది. కన్నవారి ఇంట్లో మనకొక మంచం ఉందన్న ధైర్యం ఎంత విలువైనదో ఆ రోజుల్లో చాలామందికి తెలిసింది. అయితే అలా తిరిగి వచ్చే మనిషికి కావలసినవి ఉతికిన దుప్పటి, ఖాళీ బీరువా, పని చేసుకోవడానికి శుభ్రమైన బల్ల. ఓడిపోయానన్న బాధతో ఇల్లు చేరిన మనిషిని పాత ప్రోగ్రెస్ రిపోర్టులూ, అందుకోలేకపోయిన కలల బొమ్మలూ ఉన్న గోడల మధ్య పడుకోబెట్టడం దయగల పని అని నేను అనుకోను. ఖాళీగా ఉన్న గది తిరిగి వచ్చేవారిని ఇప్పుడు ఉన్నవారిగా లోపలికి రానిస్తుంది.

రెండవది జ్ఞాపకాల సంగతి. ఇది మరింత బలమైన అభ్యంతరం. మనం దేన్ని ఏ చోట నేర్చుకున్నామో ఆ చోటే దాన్ని గుర్తు చేస్తుందన్నది నిజం. 1975లో గాడెన్, బాడ్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు డైవర్లతో చేసిన ప్రయోగంలో, నీటి అడుగున విన్న మాటలు నీటి అడుగునే ఎక్కువగా గుర్తొచ్చాయి, ఒడ్డున విన్నవి ఒడ్డునే. వాసనలైతే మెదడులో భావోద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలను ఇతర ఇంద్రియాల కంటే దగ్గరి దారిలో చేరతాయి. మా వారు ఆ గది తలుపు తీయగానే ఎక్కడెక్కడి స్నేహితుల పేర్లో గుర్తు చేసుకోవడం నేను చూశాను, ఆ కాసేపు ఆయన ముఖంలో వచ్చే వెలుగు నాకు ఇష్టం. అది పోవాలని నేను కోరుకోవడం లేదు. కాని ఆ వెలుగు తెచ్చేవి గదిలో గుప్పెడు వస్తువులే. మిగతా నూరు వస్తువుల వైపు ఆయన కన్నెత్తి చూడరు. వాటి గుట్టల కింద ఆ గుప్పెడూ చెదల పాలవుతున్నాయి. 2017లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరొక ఆసక్తికరమైన విషయం కనుగొన్నారు. మనసుకు దగ్గరైన వస్తువులను ముందుగా ఫోటో తీసుకోమని చెబితే వాటిని ఇతరులకు ఇచ్చేయడానికి మనుషులు ఎక్కువగా ముందుకొచ్చారు. వస్తువు చేజారితే దానితో పాటు తమ గతమూ పోతుందన్న భయం ఫోటోతో తగ్గుతుందన్నమాట. ఏది ఉంచుకోవాలో, దేని ఫోటో చాలో చెప్పగలిగేది ఆ జ్ఞాపకం ఉన్న మనిషే. తల్లి చెప్పలేదు, భార్య చెప్పలేదు. పని పిల్లలదేనని నేను పట్టుబట్టడానికి ముఖ్య కారణం ఇదే.

ఆ పని సెలవులకు వచ్చి వెళ్ళే హడావిడిలో జరిగేది కాదు. దాని కోసమే రావాలి. సొరుగు సొరుగునా తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టుకుని తీయాలి, ఎందుకంటే కొడుక్కి చెత్తగా కనిపించే అట్టముక్క ఆ తల్లి రాత్రంతా మేలుకుని చేసి ఇచ్చినది కావచ్చు. అలాంటివి ఆవిడ ఉంచుకుంటానంటే మారు మాట లేకుండా ఆవిడకే ఇవ్వాలి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడ ఇష్టం. కోడళ్ళూ అల్లుళ్ళూ ఆ రోజు చీపురు, గోనెసంచులు అందించడం వరకే పరిమితం కావాలి. ఇది పారేయండి అన్న మాట మన నోటి వెంట రాకూడదు. మూడు తరాల మధ్య మాట పట్టింపులు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

పసిపిల్లల బట్టల గురించి ఒక హెచ్చరిక. మనవడో మనవరాలో పుట్టగానే, కొడుకు చిన్నప్పటి చొక్కాలూ దుప్పట్లూ అమ్మమ్మలు, నానమ్మలు ఎంతో మురిపెంగా బయటకు తీస్తారు. కలరా ఉండలు వేసి దాచిన బట్టలను అలాగే పసిపాపకు తొడగడం ప్రమాదం. వాటిలో వాడే నాఫ్తలీన్ ఆవిరి, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న శిశువుల్లో ఎర్ర రక్తకణాలను పగలగొట్టి రక్తహీనతకూ తీవ్రమైన కామెర్లకూ దారి తీయగలదు. ఈ లోపం ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఉంది, చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు. ఆ బట్టలను జ్ఞాపకంగా ఉంచుకోండి, పాప ఒంటికి కొత్తవి వేయండి. పాత ఉయ్యాల మంచాలకు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. అమెరికా వంటి దేశం కూడా ఇళ్ళలో వాడే రంగుల్లో సీసాన్ని 1978లో గాని నిషేధించలేదు. పళ్ళు వస్తున్న పిల్లలు మంచం అంచులు కొరుకుతారు కనుక పెచ్చులూడుతున్న పాత మంచం మీద మమకారం వద్దు.

మా ఇంటి విషయంలో నన్ను బాధించే సంగతి ఇంకొకటి ఉంది, అది చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. మా ఆడపడుచుకూ ఆ ఇంట్లో ఒక గది ఉండేది. ఆమె పెళ్ళయి వెళ్ళిన కొన్నాళ్ళకే అది సామాన్ల గది అయింది, ఆమె పుస్తకాలు అట్టపెట్టెల్లో అటకెక్కాయి. ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె ఏమీ అనలేదు. ఒకే ఇంట్లో ఒకరి గది తాకరానిదై, మరొకరి గది ఇట్టే ఖాళీ అయిందంటే, ఉంచడమూ తీసేయడమూ ప్రేమకు కొలతలు కావని స్పష్టంగా తెలుస్తోంది, ఎందుకంటే మా అత్తయ్యకు కూతురంటే ప్రాణం. తీసేసిన తీరులోనే లోపం ఉంది. ఆమెను పిలిచి, ఆమె చేత తీయించి ఉంటే ఆ అట్టపెట్టెల్లో ఏవి ఆమెకు కావాలో తెలిసేది. ఇప్పుడు అటక దించి చూస్తే ఎన్ని మిగిలాయో తెలియదు.

అడిగి చూస్తే పెద్దవాళ్ళ కన్నా పిల్లలే ఎక్కువగా అడ్డుపడతారు. నేను ఈ ప్రస్తావన తెచ్చినప్పుడు మా వారు మొదట చిన్నబుచ్చుకున్నారు. “ఆ ఇంట్లో నాదంటూ మిగిలింది అదొక్కటే” అన్నారు. ఆ మాటలోని నొప్పి నాకు అర్థమైంది, దాన్ని తక్కువ చేయను. ఎక్కడో దూరంగా అద్దె ఇళ్ళు మారుతూ, ఊపిరి సలపని పనిలో బతికే మనిషికి తన బాల్యం ఒక చోట భద్రంగా ఉందన్న ఊహ గొప్ప ఊరట. కాని ఆ ఊరట కోసం అద్దె కడుతున్నది ఎవరని నేను ఆయన్ను అడిగాను. రోజూ ఊడ్చి తుడుస్తున్నది అత్తయ్య, రోజూ మెట్లెక్కుతున్నది మామయ్య. వారిద్దరూ ఈ లెక్క మనకు ఎన్నటికీ చెప్పరు, ఎందుకంటే అడగకుండానే ఇవ్వడం వారికి అలవాటు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత మామయ్యకు తానే ఫోను చేసి, కింది గదిలోకి మంచం ఎప్పుడు మార్చుకుంటారని అడిగారు.

మామయ్య వెంటనే ఒప్పుకున్నారు. అత్తయ్య మాత్రం మూడు షరతులు పెట్టారు. పుస్తకాల అర ఒకటి ఉండాలట, దానిలో ఏముండాలో అబ్బాయే వచ్చి సర్దాలట. అటక మీది పెట్టెలు దించేటప్పుడు అమ్మాయి కూడా అక్కడ ఉండాలట. మేము వెళ్ళినప్పుడు ఇకపై పైన మామయ్య గదిలో పడుకోవాలట, దాని బీరువాలో రెండు అరలు నాకు ఖాళీ చేస్తారట.